గడ్డిమోపుల్ని చూడకు

ఈ ఉదయం మిల్టన్‌లో మొదటి మంచు పడింది. మా ఆయన్ని రైలు స్టేషన్లో దింపి వస్తుంటే, మా సందు మలుపులో కారు నా మాట వినడం మానేసి, పక్కింటివాళ్ళ చెత్తడబ్బాల వైపు తీరిగ్గా జారడం మొదలుపెట్టింది. నేను బ్రేకు తొక్కలేదు. డబ్బాల వంక చూడలేదు. మా గరాజు తలుపునే చూస్తూ స్టీరింగు మెల్లగా తిప్పాను. కారు బుద్ధిగా వచ్చి ఇంటి ముందు నిలబడింది. అరవై దాటినదాన్ని, ఈ తెలివి నాకు పుట్టుకతో వచ్చింది కాదు. రెజైనాలో టైర్ల షాపు నడిపిన ఒక ఇంగ్లీషు పెద్దాయన పెట్టిన భిక్ష.

మేము రెజైనాలో ఉన్నప్పుడు ఆ షాపు కౌంటరులో తొమ్మిదేళ్ళు పనిచేశాను. అప్పటికే ఆయనకి ఎనభై అయిదు దాటాయి. ఎడమకాలు కుంటి. ఫ్లాస్కులో టీ లేనిదే గడప దాటేవారు కాదు. కౌంటరు మీద నల్లగా మాసిన గిన్నె ఒకటుంటే, అందులో టైర్ల గాలిమూతలు పోసి పెట్టుకునేదాన్ని. ఒక క్రిస్మస్ ముందు చేతులు ఊరుకోక టూత్‌పేస్టు పెట్టి తోమితే, లోపలినుంచి వెండి, దాని మీద ఏదో కార్ల పందెంలో మొదటి స్థానమన్న అక్షరాలు, వాటి కింద మా ఓనరుగారి పేరు బయటపడ్డాయి! నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, ఆయన మాత్రం గాలిమూతలు ఎక్కడ పెట్టానని అడిగారు. ఆ రోజు రెండు కప్పుల టీ పోసి బతిమాలితే చెప్పారు. రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక ఇంగ్లండులో విమానాల రన్‌వేలు ఖాళీగా పడి ఉండేవట. సైన్యం పారేసిన సామానుతో ఈయన సొంతంగా కారు కట్టుకుని వాటి మీద పందేలకు దిగారట. ఏడేళ్ళు నడిపారు, పేరూ వచ్చింది. ఒక వానరోజు మలుపులో కారు జారింది. పక్కన అడ్డంగా పేర్చిన గడ్డిమోపుల్ని చూశారట. "చూశాను, అందుకే సరిగ్గా వాటిలోకే వెళ్ళాను. చెయ్యి కన్ను వెంట పోతుంది" అన్నారు. కాలు విరిగి కుంటి అయింది, పందేలూ పోయాయి. మంచం మీద పడుకుని టైర్ల గురించి ఆలోచించి, లేచాక టైర్ల వ్యాపారం పెట్టి, ఒక షాపుని మూడు చేశారు. ఆస్పత్రిలో కట్లు కట్టిన నర్సుది రెజైనా. ఆమెను పెళ్ళి చేసుకుని, చివరికి ఆవిడ ఊరికే చేరి ఈ షాపు పెట్టారు. ఓడిపోయానని మాత్రం ఎన్నడూ అనలేదు, దారి మారిందనేవారు.

తర్వాత స్టూడెంట్ల తాకిడి మొదలైంది. ప్రతి సెప్టెంబరుకీ మనవాళ్ళు కొత్తగా దిగేవారు. నలుగురు కలిసి ఒక పాత కారు కొని, మంచు టైర్లకని మా షాపుకి వచ్చేవారు. తొంభైకి దగ్గరపడిన మనిషిని "అంకుల్" అని పిలిస్తే ఆయన మురిసిపోయేవారు. ఆ తాకిడిలోనే మా అక్క కూతురూ వచ్చి మా బేస్‌మెంట్‌లో దిగింది. చదువు అయింది, గంట దూరంలో ఒక చిన్న ఊళ్ళో ధాన్యం పరీక్షించే ల్యాబులో ఉద్యోగమూ వచ్చింది. ఆ ఊరికి బస్సు లేదు. నెలాఖరులోగా లైసెన్సు చూపించాలని ఆఫర్ లెటర్లోనే రాశారు. ఈ పిల్లేమో అప్పటికి రెండుసార్లు టెస్టు తప్పింది. మొదటిసారి, రోడ్డు దాటుతున్న ముసలావిడకి "చూశాలేమ్మా, మీరు వెళ్ళండి" అన్నట్టు మర్యాదగా చిన్న హారన్ కొట్టింది. మన దగ్గర హారన్ పలకరింపు, అక్కడ తిట్టు. రెండోసారి కారు జారితే కళ్ళు మూసుకుని బ్రేకు తొక్కేసింది.

"పిన్నీ, ఈసారి కూడా ఫెయిలైతే ఆఫర్ క్యాన్సిల్ చేసేస్తారు. వర్క్ పర్మిట్ కూడా అయిపోవస్తుంది. అమ్మకేం చెప్పను?" అని షాపులో నా ముందు ఏడ్చింది. తెలుగు ముక్క రాకపోయినా ఆయనకి అంతా అర్థమైంది. టోపీ పెట్టుకుని, తన పాత కారు తాళం దాని చేతిలో పెట్టారు.

మూతపడిన ఒక పెద్ద దుకాణం ముందు ఖాళీ స్థలం అద్దంలా గడ్డకట్టి ఉండేది. పది రోజులు, రోజూ సాయంత్రం పిల్లని అక్కడికి తీసుకెళ్ళి కావాలనే జారమనేవారు. మధ్యలో ఒక పాత టైరు నిలబెట్టి, దాని వంక చూడొద్దనేవారు. మొదటి మూడు రోజులూ పిల్ల వరసపెట్టి ఆ టైరునే గుద్దింది. "అవి గడ్డిమోపులు. నువ్వు పోవలసిన చోటు అది కాదు" అనేవారు, విసుగు లేకుండా. వెనక అద్దంలోకి మాత్రం ఒక్క చూపు చాలనేవారు. నేను వెనక సీట్లో కూర్చుని ప్రభువును తలుచుకుంటూనే ఆ విద్య కొంచెం దొంగిలించాను.

టెస్టు రోజు చలి మైనస్ ముప్ఫై. మా ఇళ్ళలో బండి బయల్దేరే ముందు దాని మీద చెయ్యివేసి ప్రార్థన చేయడం అలవాటు. గ్లవ్స్‌తో ప్రార్థన ఏమిటని తీసేసి, చెమట పట్టిన అరచెయ్యి బానెట్ మీద ఆనించాను. అందరి కోసం కాస్త పొడుగ్గానే ప్రార్థించాను. ఆమెన్ అని చెయ్యి తీయబోతే రాలేదు. అతుక్కుపోయింది! పిల్ల కెవ్వుమంది. ఆయన నింపాదిగా ఫ్లాస్కు తెచ్చి, గోరువెచ్చని టీ నా వేళ్ళ మీద పోసి విడిపించి, ఆఖరికి తనూ "ఆమెన్" అన్నారు. పిల్ల పడీపడీ నవ్వింది. పది రోజుల్లో అది నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు మొహంతోనే టెస్టుకి వెళ్ళింది.

అరగంట తర్వాత కాగితం ఊపుకుంటూ వచ్చింది. మలుపులో కారు జారిందట. "తాతగారూ, ఐ డిడింట్ లుక్!" అని ఆయన్ని కౌగిలించుకుంది. ఆయన తిరిగి తాళం తీసుకోలేదు. కుంటుకుంటూ అటువైపు వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నారు. చూపు తగ్గిందని డాక్టరు చెప్పాడట, ఆ నెలలోనే తన లైసెన్సు తిరిగిచ్చేయాలట. అప్పటిదాకా మాకెవరికీ చెప్పలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం దారిపొడుగునా మంచు పొలాల్ని చూస్తూ, "డెబ్భై ఏళ్ళుగా బండి నడుపుతూ దారిలో ఊళ్ళేవీ నేను సరిగ్గా చూడనే లేదు, రోడ్డే చూశాను" అన్నారు సంబరంగా.

ఆయన పోయి నాలుగేళ్ళు. మా అక్క కూతురు ఇప్పుడు ఆ ల్యాబులో పెద్ద ఉద్యోగి. కొత్తగా వచ్చే పిల్లల్ని మంచు మీదికి తీసుకెళ్ళి, మధ్యలో టైరు నిలబెడుతుంది. వెనక అద్దంలోకి ఒక్క చూపు చాలని ఆయన అన్నమాట నాకు గుర్తుంది. అందుకే ఇదంతా తలుచుకోవడానికి ముందుగా కారు ఆపి, ఇంజను కట్టేసి, తీరిగ్గా కూర్చున్నాను.