ఐదో సంపుటం

అజీజ్‌నగర్‌లోని ఆ ఫామ్‌హౌస్‌కు జనం వచ్చేది వారానికోసారి. మిగతా ఆరు రోజులూ వంటమనిషి పద్మమ్మదే రాజ్యం. ఆమె ఊరు ముడిమ్యాల, చదువు ఏడో తరగతి. అద్దాల బీరువాలో పాతతరం రచయితల కథల సంపుటాలు ఐదున్నాయి. వాటికేసి ఆమె చూపులు గమనించిన ఇంటి యజమాని పెద్దసారు, "సదువుకో పద్మమ్మా, ఉట్టిగ దుమ్ము దులుపుడు ఎందుకు?" అన్నారు. ఆయన పోయి ఆరేళ్లయినా ఆ మాటను ఎవరూ రద్దు చెయ్యలేదు.

పద్మమ్మకు చదవడమంటే బైబిల్ చదవడమే తెలుసు. మొదటి పేజీ నుంచి వరుసగా, రోజుకింత. మనసుకు తగిలిన వాక్యం కింద పెన్సిలు గీత, పక్కన తేదీ. గీతలు లేని బైబిల్ ఇంట్లో ఉందంటే దాన్ని ఎవరూ తెరవలేదని అర్థం, వాళ్ల చర్చివాళ్లకదో నామర్దా. కథలనూ అలాగే చదివింది. అత్తను లోలోపల తిట్టుకునే కోడలి కథ పక్కన "నేను కూడా" అని రాసుకుంది. ముసలివాడు కన్నుమూసే కథలో భర్త స్వామిదాసు పోయిన తేదీ వేసింది. ఇంత శ్రద్ధగా చదివే మనిషి దొరికితే ఏ రచయితైనా ఎగిరి గంతేస్తాడు.

మొన్న శనివారం పెద్దసారు మనవరాలు స్నిగ్ధ వచ్చింది. కోకాపేటలో కొత్త ఫ్లాటు కొన్నారు, హాల్లో పుస్తకాల అర ఖాళీగా ఉంది. ఐదింటికీ ఒకే రంగు అట్టలు కావడంతో నచ్చాయట. ఒకటి తెరిచి ముఖం చిట్లించింది.

"బుక్స్ ఇట్లా ఎవరు ఖరాబు చేశారు ఆంటీ?"

"నేనేనమ్మా. ఖరాబెట్లయితది? సదివిన గద."

"అన్నీ ఎరేజ్ చేసెయ్యండి ప్లీజ్. సాయంత్రం తీసుకెళ్తా."

పద్మమ్మకు తల కొట్టేసినట్టయింది. పని పోతుందన్న భయం కంటే, పెద్దసారు పుస్తకాలు పాడుచేశానా అన్న బాధే ఎక్కువ. వంటింట్లో కూర్చుని మధ్యాహ్నమంతా రబ్బరుతో తుడిచింది. స్వామిదాసు తేదీ దగ్గర ఏడుపొచ్చింది. ఏడ్చి, అదీ తుడిచింది.

నాలుగు సంపుటాలు అయిపోయాయి. ఐదోదాంట్లో చివరి కథ ఇంకా సగమే చదివింది. తప్పిపోయిన కూతురి కోసం ఓ తల్లి ఊరూరూ తిరుగుతోంది. కూతురు దొరికిందో లేదో తెలుసుకోకుండా ఎలా ఇచ్చేది? రబ్బరు పక్కన పెట్టి చదవసాగింది. నాలుగు పేజీలైనా కాకముందే బయట కారు డిక్కీ తెరిచిన చప్పుడైంది.

"అమ్మా, గీ ఆఖరి కథల ఆ బిడ్డ దొరుకుతదో లేదో, జర సదివి ఫోన్ జేసి చెప్తరా?" అని బతిమాలింది.

స్నిగ్ధ నవ్వేసింది. "నాకు తెలుగు చదవడం రాదు ఆంటీ. స్కూల్లో ఫ్రెంచ్ తీసుకున్నా."

పద్మమ్మకు పొద్దుటి బాధ ఎటు పోయిందో, ఒళ్లు మండింది. నాలుగు పుస్తకాలు డిక్కీలో పెట్టి, ఐదోది చంకలో పెట్టుకుంది.

"అది కూడా ఇవ్వండి ఆంటీ. సెట్ కదా."

"ఇది నా తాననే ఉంటది. అండ్ల ఏమున్నదో తెల్సుకోవాలె అనిపించిన నాడు రాండ్రి. సదివి వినిపిస్త."