తెల్లగింజ తీర్పు

సింధునది ఒడ్డున, స్కుర్బుచన్ ఊళ్లో మోరుప్ ముసలాయన పొద్దున్నే మిద్దెమీద ఎండుతున్న ఆప్రికాట్ల మధ్య బాసింపట్టు వేసుకుని తీర్పులు చెబుతుంటాడు. ఆయనకున్నవి రెండు ఆప్రికాట్ చెట్లు. తెల్లగింజ చెట్టు కాసేది బుట్టెడే గానీ పండు తేనె. గోధుమరంగు గింజల హల్మన్ చెట్టు కొమ్మలు వంగిపోయేలా కాస్తుంది. "విరగకాస్తే సరా? రుచి ఉండొద్దూ? అది పశువుల మేత!" అంటూనే ఓ పండు నోట్లో వేసుకుని, కళ్లు మూసి చప్పరించి, గింజను మాత్రం భార్య యాంగ్‌స్కిత్ బుట్టలో భద్రంగా వేస్తాడు. గింజల్లోంచి నూనె తీసే ఊరది; ఒక్కటి పారేసినా ఇంట్లో గొడవే.

మొన్న తోటల ఆఫీసరమ్మ వచ్చి, ఊరంతటికీ అంటు కట్టడానికి ఏ చెట్టు మేలని అడిగింది. "తెల్లగింజే. ఇంకో మాట లేదు" అన్నాడు మోరుప్. యాంగ్‌స్కిత్ గింజల బుట్ట తెచ్చి ఆమె ముందు బోర్లించింది. "ఈ వేసవంతా ఈయన తిన్న పళ్ల గింజలివి. ఒక్క తెల్లది కనిపిస్తే చెప్పు తల్లీ!" అన్నీ గోధుమరంగువే. ఆఫీసరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మోరుప్ తొణకలేదు. "ఓసి పిచ్చిదానా, అంత మంచి పండు నేనే తినేస్తే ఇంటికొచ్చినవాళ్లకి ఏం పెడతావే?" అని, ఇంకో హల్మన్ పండు నోట్లో పడేసుకున్నాడు. "రెండూ రాసుకోమ్మా. పొగడటానికి ఒకటుండాలి, తినడానికి ఒకటుండాలి."