ఇస్త్రీపెట్టె కింద పింగాణీ రేకులు

మా పెద్దమ్మకు ఇంట్లో మేం పెట్టుకున్న పేరు ఎక్స్‌ప్రెస్సు. బస్సు ఆగకముందే దిగేస్తుంది, ఎదుటివాళ్ల మాట పూర్తి కాకముందే జవాబు చెప్పేస్తుంది. అలాంటి మనిషి పింగాణీ మన్ను ముందు కూర్చుంటే మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉంటుంది. ఆ నిదానంలో పిసరంత మా మీద కూడా చూపించవచ్చు కదా అని నాకు ఒళ్లు మండేది.

కప్పుల కార్ఖానాలో ఏళ్ల తరబడి కప్పులకు చెవులు అతికించింది. అక్కడ మానేశాక ఇంటి వెనక గదిలో నగలు మొదలుపెట్టింది. చెవిపోగులు, లాకెట్లు, వేలిగోరంత పల్చటి పూరేకులు. చేయడం ఎవరైనా చేస్తారు, ఆరనివ్వడమే అసలు పని అంటుంది. అంచు ముందు ఆరి కుంచించుకుపోతుంది, నడుమ ఇంకా తడిగానే ఉంటుంది. ఒకటి రమ్మంటే ఒకటి రానంటే సంసారమైనా చీలుతుంది, రేకెంత? అందుకని ఆ గదిలో ఫ్యాను వేయకూడదు, కిటికీ తీయకూడదు. రేకుల కింద కాగితం పరిచి, పైన ప్లాస్టిక్ కవరు వదులుగా కప్పుతుంది. కాస్త గట్టిపడ్డాక తేమ పీల్చే రెండు జిప్సం పలకల మధ్యకు మార్చి, అప్పుడప్పుడూ తిరగేస్తుంది. ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకున్న మా పెదనాన్న, తన దగ్గరికొచ్చే చొక్కాలకున్న గాలి కూడా ఆ గదిలో మనుషులకు లేదని నవ్వేవాడు.

అమ్మ బడిపంతులమ్మగా రిటైరయ్యే ఏడాది ఆమె మెడకు ఆపరేషను జరిగింది. మచ్చ అడ్డంగా, ఎర్రగా మిగిలింది. అప్పటినుంచి అమ్మ ఇంట్లో కూడా స్కార్ఫ్ విప్పలేదు. వచ్చే శనివారం బడిలో తనకు వీడ్కోలు సభ. జ్వరమని కబురు పంపి మానేస్తానంది. అన్నేళ్లు పాఠాలు చెప్పిన గొంతు చివరిరోజున దాక్కోవడమేమిటని పెద్దమ్మ తట్టుకోలేకపోయింది. మచ్చ మొత్తం కప్పేలా, వరస మీద వరసగా పూరేకుల హారం చేస్తానంది. లోహమైతే బరువు, మచ్చకు ఒరుసుకుంటుంది. పింగాణీ అయితే ఉన్నట్టే తెలియదు. అమ్మ సరేనంది. ఆ హారం ఉంటేనే వస్తానంది.

రేకులు చాలావరకు పలకల మధ్య ఆరుతుండగా, వాటిని కాల్చే కార్ఖానా బట్టీలో చోటు అడగడానికి పెద్దమ్మ పొద్దున్నే వెళ్లింది. పెదనాన్న తొంగి చూశాడు. పై పలక ఒక మూల కొంచెం లేచి ఉంది. రేకులు వంకర పోతాయేమోనని ఆయనకు భయం వేసింది. ముడత కనిపిస్తే ఆయన చెయ్యి ఊరుకోదు. అమ్మ హారం కదా అని మరీ జాగ్రత్తగా, చల్లారిన ఇస్త్రీపెట్టె తెచ్చి పలక మీద పెట్టాడు. పాతకాలపు ఇనప పెట్టె, ఎత్తడానికే రెండు చేతులు కావాలి.

సాయంత్రం పెద్దమ్మ పలక ఎత్తింది. దాని కింది రేకులన్నీ నడుమకు చీలి ఉన్నాయి. ఆరేకొద్దీ మన్ను కుంచించుకుంటుంది, అందుకు కాగితం మీద కాస్త జరగాలి. అంత బరువు కింద ఎటు జరుగుతుంది?

నేను పెదనాన్న మీద విరుచుకుపడబోయాను. పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"మంచికే పెట్టారు. ఊరుకో."

ఆ మాట అంటూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. తిడితే బాగుండేదని పెదనాన్న తర్వాత నాతో అన్నాడు. చీలిన రేకులను ఆమె నీళ్ల బక్కెట్లో వేసింది. కాల్చని మన్ను కరిగి మళ్లీ మన్నవుతుంది. కానీ కొత్త రేకులు చేసినా బట్టీలో చోటు దొరికిన రోజుకు ఆరవు. హీటరు పెట్టి త్వరగా ఆరబెడదామన్నాడు పెదనాన్న. వద్దంది. పక్క అరలో, ఒక్క వరసకు సరిపడా రేకులు వేరే కవరు కింద బతికి ఉన్నాయి. వాటినే కాల్పించింది. పెదనాన్న తన దగ్గరున్న గట్టి పట్టుదారంతో, రేకు రేకుకూ ముడి వేసి గుచ్చాడు. అంతసేపూ ఆయన తల ఎత్తలేదు.

శనివారం పొద్దున హారం అమ్మ చేతిలో పెట్టి పెద్దమ్మ నేల చూపులు చూసింది.

"మచ్చ దాకా రాదే. కిందే ఉండిపోతుంది. నీకిచ్చిన మాట నిలబెట్టుకోలేకపోయాను."

అమ్మ హారం వేసుకుంది. పైన ఎప్పటిలా స్కార్ఫ్ చుట్టుకుని అద్దంలో చూసుకుంది. హారం కనబడలేదు. సర్దింది. అయినా కనబడలేదు. జ్వరం కబురు నాతోనే పంపిస్తుందనుకున్నాను.

అమ్మ స్కార్ఫ్ విప్పేసింది.

"ఇది చుట్టుకుంటే నువ్వు చేసింది ఎవరికి కనబడుతుందక్కా?"

తెల్లటి రేకులకు పైన ఎర్రటి మచ్చ తేటగా కనిపిస్తోంది. చూసి నాకు ఏడుపొచ్చింది, సిగ్గుపడకుండా ఏడ్చాను. అమ్మ ఆ స్కార్ఫ్‌ను పెదనాన్న చేతిలో పెట్టి, "మీ దగ్గరే ఉంచండి బావా" అంది. ఆయన అలవాటు కొద్దీ దాన్ని మడతపెట్టి, ముడతలు చేత్తో సాపు చేశాడు.

అమ్మ ముందుగా గడప దాటింది. ఎక్స్‌ప్రెస్సు ఆ రోజు వీధి చివరిదాకా అమ్మ పక్కనే, అమ్మ నడిచినంత నెమ్మదిగా నడిచింది.