కదలని లారీలో డ్రైవింగు పాఠాలు

మావాళ్లు శ్రీకాకుళం తీరం నుంచి సముద్రం దాటి వచ్చి దీవుల్లోని మాయాబందర్‌లో వల వేసినవాళ్లు. నాకు మాత్రం సముద్రం పడలేదు. పడవ రేవు దాటి పెద్ద అల ఎక్కగానే కడుపులో ఉన్నదంతా బయటికి వచ్చేది. పెద్దయితే పోతుందన్నారు. మీసాలు వచ్చినా పోలేదు. అందరూ వల లాగుతుంటే నేను పడవ అంచు పట్టుకుని వేలాడేవాణ్ని. తోటివాళ్లు మొదట్లో నవ్వేవారు. తర్వాత నవ్వడం మానేసి, నన్ను పడవ ఎక్కించుకోవద్దని నాన్నతో చెప్పడం మొదలుపెట్టారు. నవ్వినప్పటికంటే అదే ఎక్కువ గుచ్చుకుంది.

గట్టు మీద దొరికిన పని కలప డిపోలో దుంగలు ఎత్తడం. అడవి నుంచి దుంగలు తెచ్చే లారీలు అక్కడే ఆగేవి. మేం భుజాలు పుళ్లు పడేలా దుంగలు దించుతుంటే డ్రైవరు నీడన కూర్చుని టీ తాగేవాడు. అతనికి నెల జీతం. వాన కురిసినా, పని లేకపోయినా జీతం. నేను కూడా లారీ నేర్చుకుంటానని ఇంట్లో చెప్పాను.

"సముద్రం పడనోడికి రోడ్డు పడతాదేటి?" అన్నాడు నాన్న, వల బాగుచేసుకుంటూ. "నీ యిష్టం. నాను మాత్రం పైసా ఇవ్వను."

కుర్రాళ్లు డ్రైవింగు నేర్చుకోవడానికి సర్కారు డబ్బు ఇస్తోందని డిపోలో ఎవరో అన్నారు. సంబంధించిన ఆఫీసు వెతుక్కుంటూ వెళ్లాను. గుమాస్తా తల ఎత్తకుండానే అడిగాడు.

"మీకు జమీన్ ఇచ్చారా?"

"లేదు సార్. మేం చేపలోళ్లం."

"అయితే మీరు సెట్లర్లు కారు. ఇది సెట్లర్ల పిల్లలకి."

"నాను ఇక్కడే పుట్టాను సార్."

"పుట్టడం వేరే, సెటిల్ అవడం వేరే," అని అతను నా వెనకవాణ్ని పిలిచాడు.

బయటికి వచ్చి డిపో వైపు నడిచాను. అడవి కొట్టి పొలం చేసుకోమని భూమి ఇచ్చి తెచ్చినవాళ్లే సెట్లర్లట. సొంత ఖర్చుతో వచ్చి, సొంత గుడిసె వేసుకుని, ఎవరినీ ఏమీ అడగనివాళ్లం మేం ఎవరమో అతను చెప్పలేదు.

ఇక నా కష్టమే నాకు దిక్కయింది. రెండు వానాకాలాలు దుంగలు ఎత్తాను. టీ మానేశాను, బీడీ ఎలాగూ లేదు. చివరికి తక్కువ పడితే అమ్మ తను పెంచుకుంటున్న మేకల్ని అమ్మేసింది. నాన్నకు చెప్పకుండా అమ్మలేదు. చెప్పే అమ్మింది.

మాయాబందర్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి అప్పట్లో ఓడే దారి. ఆ ప్రయాణంలో నా కడుపు పడ్డ అవస్థ చెప్పక్కర్లేదు. అక్కడ లంబాలైన్ అనే పేటలో అమ్మ వదినా అని పిలిచే ఒకావిడ ఉండేది. మా వైపు నుంచే వచ్చిన క్రైస్తవ కుటుంబం, భర్త పోయాక ఇడ్లీలు వేసి అమ్ముకుంటోంది. నేను అత్తా అనేవాణ్ని. అద్దె వద్దంది, దానికి బదులు రుబ్బురోలు నాకు అప్పగించింది.

డ్రైవింగు స్కూలు ఓనరు ఫీజు మొత్తం ముందే తీసుకున్నాడు. స్కూలుకు ఉన్నది ఒక్కటే లారీ. దాని ముందు తలుపు తాడుతో కట్టి ఉండేది. నేర్చుకునేవాళ్లమంతా వెనక తొట్టిలో నిలబడేవాళ్లం. ఒక్కొక్కరిని పిలిచి కాసేపు స్టీరింగు ఇచ్చేవారు. నా వంతు వచ్చి, గేరు పడి, బండి నా చేతికి లొంగుతోంది అనుకునేసరికి దిగమనేవారు. అయినా సంతోషంగానే ఉండేది. ఆ కాసేపట్లో నా కడుపు ఒక్కసారి కూడా తిప్పలేదు.

ఆ సంతోషం ఎన్నాళ్లో నిలవలేదు. ఎత్తు ఎక్కుతుండగా పెద్ద చప్పుడుతో యాక్సిల్ విరిగింది. లారీని లాక్కొచ్చి స్కూలు ముందు రాళ్ల మీద నిలబెట్టారు. కొత్త యాక్సిల్ మద్రాసు నుంచి ఓడలో రావాలన్నారు.

"బైఠ్ కే సీఖో," అన్నాడు ఓనరు. అంటే కూర్చునే నేర్చుకోమని. "ఇంజను ఆపినా గేరు గేరే, క్లచ్చి క్లచ్చే."

రోజూ వెళ్లి ఆ కదలని లారీలో కూర్చుని క్లచ్చి తొక్కేవాణ్ని, గేరు మార్చేవాణ్ని. బడి పిల్లలు రోడ్డు మీద ఆగి, "భయ్యా, ఎక్కడిదాకా వెళ్లారు?" అని అడిగేవారు. వాళ్ల మీద కోపం రాలేదు. అడిగింది నిజమే.

అత్త భోజనానికి ముందు ప్రార్థన చేసేటప్పుడు నా సంగతి కూడా కలిపేది. "ప్రభువా, ఈ బిడ్డ లారీకి యాక్సిల్ పంపించు తండ్రీ," అనేది. నేను కళ్లు మూసుకుని ఆమెన్ అనేవాణ్ని. ఓడ వచ్చింది, యాక్సిల్ రాలేదు. ఇంకో ఓడలో వచ్చింది, అది వేరే మోడల్‌ది. తిండికి దాచుకున్న డబ్బు అయిపోయింది. జెట్టీలో సిమెంటు బస్తాలు మోసే పనికి చేరాను. దుంగల నుంచి తప్పించుకుందామని వచ్చి బస్తాల కింద పడ్డాను.

చివరికి సరైన యాక్సిల్ వచ్చింది, లారీ నేల మీద నిలబడింది. పరుగున వెళ్లాను.

"నీ కోర్సు టైము అయిపోయింది," అన్నాడు ఓనరు. "మళ్లీ ఫీజు కట్టు."

"లారీ కదలందే నాను ఏటి నేర్చుకున్నాను సార్?"

"రోజూ సీట్లో కూర్చున్నావుగా. ఫీజు సీటుకి."

రోజూ వెళ్లి అడిగాను. బతిమాలాను, వాదించాను, ఒకసారి బల్ల మీద గుద్దాను కూడా. నాతో చేరినవాళ్లలో కొందరు మళ్లీ కట్టారు, కొందరు ఊరెళ్లిపోయారు. నా దగ్గర కట్టడానికీ లేదు, తిరిగి వెళ్లి నాన్నకు ముఖం చూపించడానికీ లేదు.

నాన్నే వచ్చాడు. నా కోసం కాదు, వల నూలు కొనడానికి. అత్త ఇంట్లో సంగతంతా విన్నాడు. మర్నాడు పొద్దున్నే నూలు ఉండలు సంచిలో వేసుకుని, "స్కూలు సూపించు," అన్నాడు.

గొడవ అవుతుందని భయపడ్డాను. ఆయన గొంతు కూడా పెంచలేదు. స్కూలు వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని, కాళ్లు చాపి, వల అల్లడం మొదలుపెట్టాడు. వల పెరిగి మెట్ల మీదికి జారింది. ఓనరు బయటికి వచ్చి ఏం పని అని అడిగాడు.

"పనేటీ లేదు భయ్యా. గాలి బాగోలేదని రేవులో సిగ్నల్ జెండా కట్టినారు, మా ఓడ కదల్దు. కదిలేదాకా ఇక్కడ కూకుంటాను."

కొత్తగా చేరదామని ఎవరు వచ్చినా తల ఎత్తి ఒకటే మాట చెప్పేవాడు. "మావోడు ఫీజు కట్టినాడు. లారీ ఇరిగింది. మల్లీ కట్టమంటన్నారు." మళ్లీ వలలోకి చూపు దించుకునేవాడు. ఆ మాటలో తిట్టు లేదు, ఏడుపు లేదు. అయినా విన్నవాళ్లు వల దాటి లోపలికి వెళ్లడానికి తటపటాయించి, తర్వాత వస్తామని వెళ్లిపోయేవారు. పోలీసును పిలుస్తానన్నాడు ఓనరు. "పిలవండి భయ్యా, ఆయనకీ సెప్తాను," అన్నాడు నాన్న. మర్నాడు కూడా వెళ్లి అక్కడే కూర్చున్నాడు. మధ్యాహ్నం దాటాక ఓనరు నన్ను పిలిచి, రేపటి నుంచి రమ్మన్నాడు.

దారిలో నాన్న చేతిలోని నూలు సంచి నేను అందుకున్నాను. నిజం చెప్పాలంటే సంతోషం కంటే ఉక్రోషమే ఎక్కువగా ఉంది. నేను అన్ని రోజులు న్యాయం మాట్లాడితే వినని మనిషి, రెండు మూరల వల అడ్డం పడితే విన్నాడు.

"ఇలాటి ఓనర్ని మావు పడవ ఎక్కనివ్వం," అని మాత్రం అన్నాడు నాన్న. ఓడ కదిలిన రోజు వెళ్లిపోయాడు.

మిగిలిన పాఠాలు పూర్తయ్యాయి. మొదటి టెస్టులో డ్రమ్ముల మధ్య వెనక్కి తీస్తూ ఒక డ్రమ్ము పడేశాను. తప్పాను. మళ్లీ టెస్టుకు కట్టడానికి మళ్లీ సిమెంటు మోశాను. రెండోసారి లైసెన్సు చేతికి వచ్చింది.

దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మాయాబందర్‌లో రోడ్డు పనుల కాంట్రాక్టరు దగ్గరికి వెళ్లాను. "లైసెన్సు సరే, తజుర్బా ఏదీ?" అన్నాడు. అనుభవం కావాలట. బండి ఇస్తేనే కదా అనుభవం అన్నాను. నవ్వి, క్లీనరుగా ఉండమన్నాడు. చాలాకాలం లారీ కడిగాను, టైర్లు మార్చాను, కంకర ఎత్తాను.

డ్రైవరుకు మలేరియా వచ్చిన రోజున వేరే మనిషి దొరక్క తాళం నాకు ఇచ్చారు. కంకర లోడుతో రంగత్ ఊరి వైపు వెళ్లాలి. వాన పడి మలుపులన్నీ జారుతున్నాయి. దిగుడులో చిన్న గేరులో ఉంచి, బ్రేకు మీద కాలు తేలిగ్గా ఆనించి, దింపాను. లోడు మొత్తం నా వీపును ముందుకు తోస్తున్నట్టే ఉంది. చేరేసరికి అక్కడి మేస్త్రీ, "ఇంత లేటా?" అని కసిరాడు. నేను నడిపానని గమనించినవాళ్లే లేరు.

డ్రైవరు కోలుకునేదాకా నేనే నడిపాను. జీతం మాత్రం క్లీనరుదే ఇచ్చారు. అడిగితే, "నిన్ను డ్రైవరుగా పెట్టుకోలేదు కదా," అన్నాడు కాంట్రాక్టరు. ఆ మాటకు తాళం అతని బల్ల మీద పెట్టేసి వచ్చాను. కొన్నాళ్లు మళ్లీ దుంగలు. ఆ తర్వాత ఇటుకలు తోలే ఒకాయన, ఆ నోటా ఈ నోటా విని, రంగత్ దిగుడులో లోడు దింపింది నువ్వేనా అని అడిగి, మొదటి రోజు నుంచే డ్రైవరు జీతానికి పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం అమ్మతో చెప్పాను. "మల్లీ మేకలు కొందాం," అంది.