మా భాషలో ఉన్న ఒకే ఒక్క బోర్డు

మా చిన్నాన్న పన్నెండేళ్లుగా పరాయి భాషవాళ్ల పళ్లతోటలో పురుగుమందు కొడుతున్నాడు. మందు డబ్బా గట్టిగా ఉందని, అయిపోయాక నాలుగుసార్లు కడిగి ఇంటికి తెచ్చి, అందులో మంచినీళ్లు పట్టాడు. అవి తాగి పిన్ని, చంటిది ఆసుపత్రి పాలయ్యారు.

వంద ఎకరాల తోట ఓనరు, చేతిలో ఒక్క పండు లేకుండా, నోటి నిండా నీతులతో పరామర్శకు దయచేశారు.

"నీళ్లకి వాడొద్దని డబ్బా మీద రాసే ఉందిగా! చదువుకోవద్దూ?"

ఆయన భాష మాకు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. చిన్నాన్న ఆ మాటే చెప్పాడు.

"మీ భాషలో రాయించడం మావల్ల అవుతుందటయ్యా?" అన్నారు ఓనరు.

పిన్ని మంచం మీంచే అంది: "ఎందుకవదు అయ్యగారూ? మీ గేటు మీద మా భాషలో రాయించారుగా, ఒక్క తప్పు లేకుండా... 'కాయ ముట్టుకుంటే తాట తీస్తాం' అని!"