అక్క గొంతు

హిందీ సినిమాల్లో వేషాలు వేసే మా పెదనాన్న కూతురు, మా అక్క, పచ్చకామెర్లతో పోయి రెండు నెలలయింది. ఇరవై నాలుగేళ్ళు. మిల్లు మూతబడి మా ఆయన ఇంట్లోనే ఉంటున్న రోజులు. వర్లిలోని మా ఇంటికి నాన్నే వచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి, "అక్క లేదు బిడ్డా" అన్నాడు. నాకు ముందు పెద్దమ్మ గుర్తొచ్చింది.

పెద్దమ్మకు చూపు లేదు. పెదనాన్నతో కట్టడం పనికి పోయినప్పుడు కళ్ళలో సున్నం పడింది. ఆయన పోయాక, సానివాడగా పేరుపడ్డ కామాఠిపురాలో, చాల్‌లోని ఆ ఒంటి గదిలో ఆమెకు మిగిలింది అక్క గొంతొక్కటే.

అక్క పదహారో ఏట గుంపు డాన్సులతో మొదలుపెట్టింది. తర్వాత హీరోయిన్ స్నేహితురాలు, హీరో చెల్లెలు. మొహం ఆమెది, గొంతు వేరేవాళ్ళది. హిందీలో మన యాస వినబడుతుందట. స్టూడియో కారును ఇంటిదాకా రానివ్వకుండా నాగ్‌పాడాలోనే ఆపించి నడిచొచ్చేది. ఎందుకని అడిగితే, "మన గల్లీ పేరు చెప్తే ఇంకో తీరుగ చూస్తరే" అంది.

పొద్దున నల్లా దగ్గర బిందె వరుసలో పెట్టి హిందీ మాటలు వల్లించేది. పిల్లలు నవ్వితే కోపం వచ్చేది కాదు. "మరెట్లనాలె? చెప్పుండ్రి" అని వాళ్ళ దగ్గరే నేర్చుకునేది. నా పెళ్ళికి షూటింగు మానుకొని వచ్చి జడ వేసింది కూడా ఆమే.

చివరి సినిమాలో ఆమె గొంతే ఉంచడానికి దర్శకుడు ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రం మెట్లెక్కుతూనే అరిచింది: "అమ్మా, ఈసారి నువ్వు థియేటర్‌కు రావాలె. నేనే మాట్లాడుత!"

షూటింగయింది. డబ్బింగ్ మొదలుకాక ముందే కళ్ళు పచ్చబడ్డాయి. ఆకు మందు మింగుతూ ఇంకో సినిమా పనికి పోయింది. ఆస్పత్రిలో చేర్చేసరికి చెయ్యి దాటిపోయింది. మంచం మీద కూడా ఆ సినిమా మాటలు వల్లిస్తూ పెదవులు కదుపుతుంటే, "పండుకో అక్కా" అన్నాను.

"ఒక్క మాట తప్పుతున్ననే" అంది. నాతో అన్న ఆఖరి మాట అదే.

పోయిన వారం ఆ సినిమా వచ్చింది. అక్క మాటలు ఇంకో అమ్మాయితో చెప్పించారు. ఆ సంగతి పెద్దమ్మకు చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. తీసుకుపోతావా లేదా అని ఆమె పట్టుబట్టింది. ఫోరస్ రోడ్ దాటించి, చెయ్యి పట్టుకొని తీసుకెళ్ళి నా పక్కనే కూర్చోబెట్టుకున్నాను.

తెర నిండా అక్క మొహం. నవ్వుతోంది, మాట్లాడుతోంది. పెద్దమ్మ మెడ ముందుకు చాచి వింటూ, నా మణికట్టు బిగించి పట్టుకొని అడుగుతోంది.

"నా బిడ్డ ఎప్పుడొస్తదే?"