ఎడమ పక్క సైలెన్సర్

పాత ఫొటోలో మోటారు సైకిలు కనిపిస్తే చాలు, అది ఏ బండో చెప్పేస్తానని నాకు ఒకప్పుడు చాలా పొగరుండేది. ఆ పొగరు ఎలా అణిగిందో ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు.

డెబ్బైల్లో పటమటలో మా నాన్నకు మోటారు సైకిళ్ళు బాగుచేసే షెడ్డుండేది. రెండో ప్రపంచ యుద్ధమయ్యాక మిలిటరీవాళ్ళు వేలం వేసిన ఇంగ్లీషు బండ్లు ఎన్ని చేతులు మారినా చివరికి ఆయన దగ్గరికే వచ్చేవి. వాటి సామాన్లు బజార్లో దొరకవు. అలాంటి బండి ఎక్కడైనా మూలపడి ఉంటే దాని సామాను పీకి ఇంకోదానికి వెయ్యాలి. అందుకే ఎవరింట్లో ఏ బండి ఉండేదో పోల్చుకోడానికి జనం పెళ్ళి ఫొటోలూ తాతల ఫొటోలూ పట్టుకొచ్చి, వెనకున్న బండి ఏదో చెప్పమనేవాళ్ళు.

నాకా విద్య నేర్పింది నాన్నే. "ట్యాంకు చూసి మోసపోకే. దాన్ని ఎవడైనా మారుస్తాడు. సైలెన్సర్ ఏ పక్కనుందో చూడు, అది మారదు" అనేవాడు. డిగ్రీ తప్పి ఇంట్లో కూర్చున్న నాకు భూతద్దం పట్టుకుంటే కొమ్ములొచ్చినట్టుండేది.

దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు, బురదలోంచి లాగిన బండి ఒకటి లారీలో మా షెడ్డుకొచ్చింది. ట్యాంకు లేదు, నంబరు ప్లేటు లేదు. అది దొరికిన కాలవగట్టు మీద శవాలు గుర్తుపట్టే స్థితిలో లేవనీ, అందరినీ ఒకే గుంటలో పూడ్చేశారనీ లారీవాడు చెప్పాడు.

నెల తిరక్కుండా ఆ బండిని వెతుక్కుంటూ ఒకావిడ వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. ఉప్పెన రోజు పొద్దున, పక్కూళ్ళో ఉన్న అక్కను తీసుకొస్తానని ఆమె భర్త బండి మీద వెళ్ళాడట. మళ్ళీ రాలేదు. ఇల్లూ కాగితాలూ అన్నీ కొట్టుకుపోయాయి. పుట్టింట్లో ఉండబట్టి ఒక్క ఫొటో మిగిలింది. గుణదల మేరీమాత తిరునాళ్ళలో, కొండ కింద, అతను బండి పక్కన నిలబడి తీయించుకున్నది.

తుప్పూ బురదా పట్టిన ఆ బండి చుట్టూ ఆమె రెండుసార్లు తిరిగింది. పోల్చుకోలేకపోయింది.

"ఇది ఆయన బండేనని తేలితే ఆయన ఆ గుంటలోనే ఉన్నట్టండీ. ఫాదరు గారితో ప్రార్థన చేయించి అక్కడో సిలువ పెట్టించుకుంటా. కాదంటే ఎదురు చూస్తా. ఏదో ఒకటి చెప్పండి" అంది.

నాన్నకు అప్పుడే కంట్లో పొర తీసి కట్టు కట్టారు. ఆయన మంచం మీదున్నాడు. చూసింది నేనే. ఫొటోలో బండి ఎడమ పక్క కనిపిస్తోంది, సైలెన్సర్ ఆ పక్కనే ఉంది. మా షెడ్డులో ఉన్నదానికి కుడి పక్క. ఫొటోలో సైలెన్సరుకు చేత్తో వంచి బిగించిన ఇనప పట్టీ ఉంది. బురద బండికీ అలాంటి పట్టీయే ఉంది. చూశాను. ఏ మెకానిక్కయినా వేసేదేలే అనుకున్నాను.

"ఇది కాదండీ. ఖాయంగా చెప్తున్నా" అన్నాను.

ఆమె అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. సంతోషంతో. అలాంటి బండి ఎక్కడైనా కనబడితే చెప్పమని ఫొటో నా చేతిలోనే పెట్టింది. తనకింకా నిలకడగా ఓ ఊరంటూ లేదనీ, ఆయన దొరికేదాకా ఏటా తిరునాళ్ళకు గుణదల కొండ మోకాళ్ళ మీద ఎక్కుతానని మొక్కుకుంటున్నాననీ, దిగాక ఇటొచ్చి కనుక్కుంటాననీ చెప్పి వెళ్ళింది.

ఫిబ్రవరిలో తిరునాళ్ళయ్యాక వచ్చింది. మోకాళ్ళు దోక్కుపోయి చీరకు నెత్తురంటింది. ఏమీ తెలియలేదన్నాను. కట్టు విప్పాక కూడా నాన్నకు ఆ ఫొటో చూపించలేదు. నా మాట మీద నాకంత నమ్మకం.

మరుసటి ఏడు సంక్రాంతి వెళ్ళాక నాన్న సొరుగులో ఏదో వెతుకుతుంటే ఫొటో బయటపడింది. కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"ఏమే, ఇతని చొక్కా జేబు ఎటుంది?"

కుడివైపు ఉంది. గడియారం కూడా కుడిచేతికే ఉంది. తిరునాళ్ళ హడావిడిలో ఫొటో తీసినవాడు ఫిల్మును తిరగేసి అచ్చువేశాడు. నాన్న ఓ బండి అద్దం విప్పి ఫొటోకెదురుగా పట్టాడు. అద్దంలో సైలెన్సర్ కుడి పక్కకొచ్చింది. షెడ్డు వెనక ఇంకా పడి ఉన్న బండి దగ్గరికి వెళ్ళి పట్టీ చూసుకున్నాం. అదే వంపు, అవే రెండు బోల్టులు.

బండినంతా భూతద్దం పెట్టి చూశాను. పక్కన నిలబడ్డ మనిషిని ఒక్కసారైనా సరిగ్గా చూడలేదు. ఆ రాత్రి నామీద నాకే అసహ్యమేసింది.

"నోటితో చెప్పినదానివి నువ్వే. మళ్ళీ నువ్వే చెప్పాలి" అన్నాడు నాన్న.

తిరునాళ్ళు ముగిసిన మర్నాడు ఆమె వచ్చింది. ఈసారి కుంటుతోంది. నేను ఫొటో, అద్దం రెండూ ఆమె చేతికిచ్చి, తలొంచుకుని అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. కొడితే బావుండుననుకున్నాను.

ఆమె అద్దంలో బండిని చూడలేదు. అతని ముఖాన్నే చూసింది.

"ఆ చొక్కా కుట్టింది నేనేనమ్మా" అంది. "జేబు అటుందేంటా అని ఫొటో వచ్చిన రోజే అనుకున్నా. ఇక్కడికొచ్చిన రోజు నీతో చెబుదామనుకున్నా కూడా. ఈలోపే నువ్వు కాదన్నావు. ఇంక నోరెత్తలేదు."

లేవబోయి మోకాలు పట్టుకుని మళ్ళీ కూర్చుంది. ఆ గుంట ఏ కాలవగట్టు మీదో, అక్కడికి ఏ బస్సు వెళ్తుందో నాన్ననడిగి, చెప్పింది మర్చిపోకుండా ఫొటో వెనక నాచేతే రాయించుకుంది.